ఫ్రీ క్లీనర్ల వెంట పడి 16 రోజులు – మా ఇంటి కంప్యూటర్‌తో నా అనుభవం

హనుమకొండలో మా ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. 2017 లో సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే కాంప్లెక్స్) మా తమ్ముడు దగ్గరుండి అసెంబుల్ చేయించాడు, ఐ3 ఏడో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10. నేను ఇంట్లో మ్యాథ్స్ ట్యూషన్ చెప్తా, ప్రశ్నపత్రాలు దాంట్లోనే టైప్ చేస్తా. మామయ్య ఆర్టీసీలో రిటైరయ్యారు, ఆయన పెన్షన్ కాయితాలు స్కాన్ చేసి పెట్టుకుంటారు, మూడేళ్లుగా మా వంశవృక్షం కూడా ఒక్కో వేలితో టైప్ చేస్తూ వస్తున్నారు. పిల్లల ఫొటోలన్నీ అందులోనే. మా ఆయనది భూపాలపల్లిలో సింగరేణి డ్యూటీ, ఆదివారం వస్తారు, కాబట్టి ఈ కథంతా చాలావరకు నేనూ, ఫోన్‌లో మా తమ్ముడూ పడ్డదే.

2025 అక్టోబర్ 3, శుక్రవారం, దసరా మర్నాడు. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడినప్పటి ఫొటోలు వీడియోలు ఫోన్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని కూర్చున్నా. ఆన్ చేస్తే తెర వచ్చి మౌస్ కదిలేసరికి ఏడు నిమిషాలు (వంట గదిలో గడియారం చూసి మరీ లెక్కపెట్టా, అప్పటికే చాలా నెలలుగా ఇలాగే ఉంది కానీ అలవాటైపోయింది). ఫొటోలు సగం ఎక్కాక జాగా లేదని ఆగిపోయింది. చూస్తే సీ డ్రైవ్ (డిస్కులో విండోస్ ఉండే భాగం) గీత మొత్తం ఎర్రగా ఉంది, 97 జీబీలో 1.1 జీబీ మాత్రమే మిగిలింది.

మర్నాడు పొద్దున్నే పిల్లలు లేవకముందు నెట్‌లో ఫ్రీ క్లీనర్ (కంప్యూటర్‌లో చెత్త ఫైళ్లు తీసేసే ప్రోగ్రాం) అని వెతికా. మొట్టమొదట వచ్చినదాని మీద నొక్కా, దాని పైన చిన్న అక్షరాల్లో ప్రకటన అని రాసి ఉందని నాకు తర్వాత తమ్ముడు చూపించేదాకా తెలీదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయా. రెండు నిమిషాలు స్కాన్ చేసి 2,317 సమస్యలు ఉన్నాయని ఎర్రగా చూపించింది. గుండె దడదడలాడింది నిజంగా. సరిచేయి అని నొక్కితే 899 రూపాయలు కట్టమంది. ఫ్రీ అన్నారు కదా అనిపించింది కానీ 2,317 అంకె ముందు 899 చిన్నదిగా కనపడింది, మామయ్య పెన్షన్ కాయితాలు పోతాయేమోనన్న భయం ఒకటి, యూపీఐలో కట్టేశా. కట్టాక అది శుభ్రం చేసింది 640 ఎంబీ. అంతే. స్పీడు అంగుళం కూడా పెరగలేదు.

అక్కడితో అయిపోలేదు. ఆదివారం నుంచి తెర మూలన గంటకోసారి డబ్బా రావడం మొదలైంది, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది అని. బ్రౌజర్ తెరిస్తే గూగుల్ బదులు ఇంకేదో వెతికే పేజీ వస్తోంది. దానితోపాటు నేను అడగని ప్రోగ్రాములు ఇంకో రెండు వచ్చి కూర్చున్నాయి. అదే రోజు సాయంత్రం మామయ్య ఏదో స్కాన్ చేయబోతే స్కానర్ ప్రోగ్రామే తెరుచుకోలేదు. "నువ్వేమైనా ముట్టుకున్నావా అమ్మా" అని అడిగారు, మామూలుగానే అడిగారు, కానీ నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

6వ తేదీ సోమవారం తమ్ముడికి ఫోన్ చేశా. వాడు హైదరాబాద్‌లో పని చేస్తాడు. ముందు తిట్టాడు, తర్వాత "అక్కా, నువ్వింకేం నొక్కకు, నేను చెప్పినట్టు మాత్రమే చెయ్యి" అన్నాడు. ఆ రోజు మూడు పనులు చేయించాడు. ఆ క్లీనర్‌నీ దాని తోకలనీ కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేయించాడు. తర్వాత మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల ఆడ్‌డబ్ల్యూక్లీనర్ అని చిన్నది దింపించాడు, అది ఫ్రీ, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, డబుల్ క్లిక్ చేస్తే నడుస్తుంది, ఇలా చెప్పకుండా వచ్చి చేరే ప్రోగ్రాములనీ బ్రౌజర్‌ని మార్చేసే వాటినీ పట్టుకోవడమే దాని పని. 43 పట్టుకుంది. రీస్టార్ట్ అయ్యాక బ్రౌజర్ మామూలైపోయింది, ఆ డబ్బాలు ఆగిపోయాయి. ఆఖరుగా విండోస్‌లోనే ఉన్న డిఫెండర్‌లో (వైరస్‌లు వెతికేది) ఆఫ్‌లైన్ స్కాన్ అని ఒకటి ఉంది, అది కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. వాడు పావుగంట అన్నాడు, మాకు నలభై నిమిషాలు పట్టింది (అంత ఆలస్యం ఎందుకో అప్పుడే అనుమానించాల్సింది). ఏమీ దొరకలేదు.

స్కానర్ పాడవడానికి కారణం కూడా ఆ క్లీనరేనట. రిజిస్ట్రీ (విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగ్స్ రాసుకునే పట్టిక) శుభ్రం చేస్తానని అది కొన్ని ఎంట్రీలు తీసేసింది. రిజిస్ట్రీలో పాత ఎంట్రీలు నాలుగు వేలు ఉన్నా స్పీడుకి వచ్చే తేడా ఏమీ ఉండదని, రిజిస్ట్రీ క్లీనర్లు వాడితే మా బాధ్యత కాదని మైక్రోసాఫ్టే చెప్తుందని తమ్ముడు అన్నాడు. స్కానర్ డ్రైవర్ (స్కానర్‌ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాం) మళ్లీ వేస్తే పనిచేసింది, అరగంట పని. నేను మాత్రం రెండు రోజులు మామయ్య మొహం చూడలేకపోయా.

డబ్బు సంగతి. అదే రోజు ఆ క్లీనర్ వాళ్లకి రిఫండ్ కావాలని మెయిల్ పెట్టా. వాళ్లు సగం ధరకే ఇస్తాం ఉంచుకోండి అని రెండు సార్లు మెయిల్ చేశారు, వద్దు అని రెండు సార్లు రాశా, 17వ తేదీన 899 వెనక్కి వచ్చింది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది, నేను ఒక్కసారి కడుతున్నా అనుకున్నది నిజానికి ఏడాదికోసారి దానంతట అదే కోసుకునే ఆటోపే. ప్రోగ్రాం తీసేసినా, రిఫండ్ వచ్చినా ఆటోపే అలాగే ఉంటుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే అని వేరే పేజీ ఉంటుంది, అందులోకి వెళ్లి మనమే రద్దు చేసుకోవాలి. నేను వెళ్లి చూస్తే దీనితోపాటు ఎప్పుడో పిల్లలకి పెట్టిన పాటల యాప్ కూడా ఇంకా నడుస్తోంది, నెలకి 99.

8వ తేదీ బుధవారం రాత్రి అసలు జాగా ఎక్కడ పోయిందో చూశాం. విజ్‌ట్రీ అనేది వేయించాడు, ఇంటి వాడకానికి ఫ్రీ. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, విండిర్‌స్టాట్, ట్రీసైజ్ ఫ్రీ, కానీ విజ్‌ట్రీ డిస్కులో ఉండే ఫైళ్ల పట్టికని నేరుగా చదువుతుంది కాబట్టి త్వరగా అవుతుందట. ఏ ఫోల్డర్ ఎంత తిందో పెద్ద నుంచి చిన్నకి వరుసగా పెడుతుంది. చూసి నిజంగా ఆశ్చర్యపోయా. లాక్‌డౌన్‌లో నేనే చెప్పిన ఆన్‌లైన్ క్లాసుల రికార్డింగులు డౌన్‌లోడ్స్‌లో 23 జీబీ. వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు 17 జీబీ. రీసైకిల్ బిన్‌లో 3. విండోస్ టెంపరరీ ఫైళ్లు, పాత అప్‌డేట్ల చెత్త కలిపి ఓ 9. నేను 899 పోసి తీయించిన 640 ఎంబీ ఈ అంకెల ముందు కనపడనంత చిన్నది.

ఇంకా పెద్ద విషయం, మా కంప్యూటర్‌లో డీ డ్రైవ్ అని 833 జీబీది ఉంది, అందులో సగానికి పైగా ఖాళీ. మనవాళ్లు అసెంబుల్ చేసి ఇచ్చేటప్పుడు సీకి ఓ వంద జీబీ కోసి మిగతాదంతా డీకి ఇస్తారు కదా, మనమేమో డెస్క్‌టాప్ మీదా డౌన్‌లోడ్స్‌లోనూ పడేస్తాం, అవన్నీ సీలోనే పడతాయి. ముందు గదిలో కాలు పెట్టే చోటు లేదు, వెనక గదికి తాళం వేసి ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే ట్యాబ్‌లో డీ డ్రైవ్‌కి మార్చేస్తే ఇకనుంచి అన్నీ అక్కడికే వెళ్తాయి, పాతవీ జరుగుతాయి. పిక్చర్స్‌కీ అలాగే. దీనికి ఏ క్లీనరూ అక్కర్లేదు. ఎనిమిదేళ్లుగా ఈ ఒక్క ట్యాబ్ గురించి నాకెవరూ చెప్పలేదు.

జరపడం రాత్రి పదింటికి మొదలుపెట్టి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే ఇంకా సగంలో ఉంది, మధ్యలో రెండు ఫైళ్ల దగ్గర ఆగిపోయి స్కిప్ చేయమంటారా అని అడుగుతోంది. చేసేశా. పెద్దగా ఆలోచించలేదు.

9న డిస్క్ క్లీనప్ (విండోస్‌లోదే, అందులో క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ అని ఇంకో బటన్ ఉంటుంది, అది నొక్కితేనే పాత అప్‌డేట్లు కనపడతాయి). అప్‌డేట్ల చెత్త తీయడానికి గంటా పది నిమిషాలు పట్టింది, మధ్యలో హ్యాంగ్ అయిందేమో అనిపిస్తుంది, ఆపకూడదు. 10న బ్లీచ్‌బిట్ అనే ఇంకో క్లీనర్. సీక్లీనర్ అనేది బాగా ఫేమస్ కదా అదే వేసుకుందామా అని నేనే అడిగా. 2017 లో దాని అసలు వెర్షన్‌లోకే ఎవరో వైరస్ దూర్చారని, 5.33 వెర్షన్ అని, 22 లక్షల పైచిలుకు మందికి అది చేరిందని తమ్ముడు చెప్పాడు. దాన్ని తర్వాత సరిచేశారు, ఇప్పుడూ కోట్ల మంది వాడతారు, కానీ నాకు మనసొప్పలేదు. బ్లీచ్‌బిట్ ఓపెన్ సోర్స్, ప్రకటనలు లేవు, డబ్బు అడగదు, 2,317 సమస్యలు అని బెదిరించదు. ప్రివ్యూ నొక్కితే ఏం తీస్తుందో ఎంత తీస్తుందో ముందే చూపిస్తుంది. నాకు నచ్చింది. అయితే అందులో టిక్కులు చూసి పెట్టాలి, బ్రౌజర్ కింద పాస్‌వర్డ్‌లు అని ఒకటి ఉంటుంది, అది పెడితే సేవ్ చేసుకున్నవన్నీ పోతాయి. అలాగే ఫ్రీ డిస్క్ స్పేస్ అని ఒకటి, పేరు చూసి జాగా పెరుగుతుంది కాబోలు అనుకున్నా, కాదు, ఖాళీగా ఉన్న చోటంతా మీద మీద రాసి తుడుస్తుంది, పాత ఫైళ్లు ఎవరూ తిరిగి తీయకుండా. చాలా ఆలస్యమవుతుందని అది హెచ్చరించింది కూడా, నేనే సరే అన్నా. మూడు గంటలు నడిచాక తమ్ముడు ఫోన్ చేసి ఆపించాడు.

11వ తేదీ శనివారం నాటికి సీ డ్రైవ్‌లో 52 జీబీ ఖాళీ. స్టార్టప్‌లో (ఆన్ చేయగానే వాటంతట అవే మొదలయ్యేవి) అక్కర్లేనివి టాస్క్ మేనేజర్‌లో డిసేబుల్ చేశా, తొమ్మిది ఉంటే మూడు ఉంచా. ఎంతో ఆశగా రీస్టార్ట్ చేశా. ఆరు నిమిషాల నలభై సెకన్లు.

ఏడుపొచ్చింది. వారం రోజులు రాత్రుళ్లు పిల్లలు పడుకున్నాక కూర్చుని చేసిన పని, ఇరవై సెకన్లు తగ్గింది. టాస్క్ మేనేజర్‌లో డిస్కు దగ్గర 100 శాతం అని చూపిస్తోంది, ఏ ప్రోగ్రామూ పెద్దగా వాడట్లేదు, అయినా 100.

ఆదివారం మా ఆయన వచ్చారు. కాసేపు పక్కన కూర్చుని "ఆ టిక్ టిక్ మోతేంది" అన్నారు. రోజూ వింటూ ఉండేసరికి నాకు అది మోతలాగే అనిపించలేదు. ఆయన ఉద్యోగం యంత్రాల దగ్గర, చెవి పెట్టి విన్నారు, క్యాబినెట్ కింది వైపు నుంచి వస్తోంది. తమ్ముడికి చెప్తే వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, ఇది నేను మొదటి రోజే చూపించాల్సింది" అన్నాడు.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. జపాన్ వాళ్లు చేసింది, ఫ్రీ, మామూలు వెర్షన్ చిన్నదే. నేను చూసుకోకుండా ఇంకో ఎడిషన్ దింపా, తెరిస్తే పక్కన పెద్ద కార్టూన్ అమ్మాయి బొమ్మ వచ్చింది, ఇది కూడా ఏదో పిచ్చి ప్రోగ్రామే అని భయపడి మూసేశా, కాదట, ఆ ఎడిషన్లూ అసలువే, పనంతా ఒకటే. హార్డ్ డిస్కు తన ఆరోగ్యం గురించి తానే లోపల లెక్కలు రాసుకుంటుందట, ఈ ప్రోగ్రాం వాటిని చదివి చూపిస్తుంది. నీలం అయితే బాగుంది, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే పోయినట్టే. మాది పసుపు. 14,300 గంటలు నడిచింది. 05 అనే వరుసలో పాడైపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు (డిస్కులో డేటా రాసే చిన్న చిన్న గళ్లు), సీ5 అనే వరుసలో చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. చివర్లో 48 అని ఉంటే పర్లేదు తక్కువే అనుకున్నా, ఆ అంకెలు మామూలు లెక్కలో ఉండవు, సెట్టింగ్స్‌లో మార్చి చూస్తే అది 72. 05 దగ్గర 184.

అంటే కంప్యూటర్ నెమ్మదిగా ఉన్నది చెత్త వల్ల కాదు. చదవలేని చోట డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నించడం వల్ల. సీ డ్రైవ్ డీ డ్రైవ్ రెండూ ఒకే డిస్కు మీద గీసిన గీతలే కదా. నేను వారం రోజులుగా చేసిందేమిటంటే, ఒంట్లో బాగోని మనిషి చేత ఇల్లంతా సర్దించడం. స్కాన్లు, నలభై జీబీలు అటు నుంచి ఇటు మోయడం, ఆ మూడు గంటలు తుడవడం. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఇక క్లీనింగ్ అంతా బంద్. చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాం) కూడా ఇప్పుడే పెట్టొద్దు, ముందు కావలసినవి బయటికి తీయాలన్నాడు, ఎందుకంటే అది డిస్కునంతా తిప్పి తిప్పి చదువుతుంది, ఆ దెబ్బకే పోవచ్చు. 13న సోమవారం 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు కొన్నా, 4,700. మామూలుగా కాపీ పెడితే పాడైన ఫైలు దగ్గర మొత్తం ఆగిపోతోంది. అందుకని విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కమాండ్ వాడమన్నాడు, టైప్ చేసి పంపాడు. దానికి మామూలుగా వదిలేస్తే చదవలేని ఒక్కో ఫైలునీ పది లక్షల సార్లు, అరనిమిషానికోసారి ప్రయత్నిస్తుందట, కాబట్టి చివర్లో ఆర్ 1, డబ్ల్యూ 1 అని పెట్టి మళ్లీ ఒక్కసారే ప్రయత్నించి ముందుకి పొమ్మనాలి. ముఖ్యమైనవి ముందు. మామయ్య ఫోల్డర్, తర్వాత నా ప్రశ్నపత్రాలు, తర్వాత ఫొటోలు, క్లాసుల రికార్డింగులు వద్దనుకున్నా. సోమవారం సాయంత్రం నుంచి బుధవారం మధ్యాహ్నం దాకా నడిచింది. మామయ్య వంశవృక్షం ఫైలు చెక్కుచెదరకుండా వచ్చింది, తెరిచి చివరి పేజీ దాకా చూసి ఆయన ఏమీ అనలేదు, మెల్లగా అద్దాలు తుడుచుకున్నారు.

చదవలేనివి 31 ఫైళ్లు. 22 వాట్సాప్ వీడియోలే, పోతే పోనీ. మిగతా తొమ్మిది మా చిన్నదాని అన్నప్రాసన ఫొటోలు, 2019 వి. ఆ ఫోల్డర్‌లో 212 ఉంటే 203 వచ్చాయి.

షాపులో అడిగితే ఈ సిస్టమ్ పాతది, కొత్తది 34 వేలు అవుతుంది అన్నారు. విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14 తో సపోర్ట్ కూడా అయిపోయింది కదా, మా ప్రాసెసర్ ఏడో జనరేషన్, విండోస్ 11 కి ఎనిమిది కావాలి. నేను ఊగిసలాడా. తమ్ముడే ఆపాడు. 16న 480 జీబీ ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) 2,950, 8 జీబీ ర్యామ్ 1,850 తెచ్చా. ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే ఎస్‌ఎస్‌డీతో కేబుల్ రాలేదు! డెస్క్‌టాప్‌కి సాటా కేబుల్ విడిగా కొనుక్కోవాలట, మళ్లీ బజారుకి, 80 రూపాయలు.

18న శనివారం దీపావళికని తమ్ముడు వచ్చాడు, బిగించాడు. పాత డిస్కుని యథాతథంగా కాపీ కొట్టడానికి క్లోనింగ్ ప్రోగ్రాములు ఫ్రీగానే ఉన్నాయి కానీ పాడైన డిస్కు మీద అవి మధ్యలో ఆగిపోతాయని విండోస్ 10 నే కొత్తగా వేశాడు. మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ (విండోస్ వేసే పెన్‌డ్రైవ్ తయారుచేసేది), 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, అందులో ఉన్నవి మాత్రం పోతాయి. మదర్‌బోర్డు అదే కాబట్టి కీ అవసరం పడలేదు, నెట్ తగలగానే తనే యాక్టివేట్ అయింది. గంటలోపు అయిపోయింది. రీస్టార్ట్ చేసి గడియారం పట్టుకున్నా, 19 సెకన్లు. పెద్దది చప్పట్లు కొట్టింది.

మర్నాడు విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని కనపడితే నొక్కాం, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్‌కి ఒప్పుకుంటే డబ్బు లేకుండా 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని అప్పుడు చెప్పారు. విండోస్ 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి. మొత్తం ఖర్చు 9,580.

ఇప్పుడు ఇందులో ఏ క్లీనరూ లేదు. విండోస్‌లో స్టోరేజ్ సెన్స్ ఆన్ చేశా, రీసైకిల్ బిన్‌లో 30 రోజులు దాటినవి అదే తీసేస్తుంది, డౌన్‌లోడ్స్ దగ్గర మాత్రం నెవర్ అని పెట్టా, మామయ్య స్కాన్లు అందులోనే పడతాయి కాబట్టి. ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్ (ముక్కలుగా పడిన ఫైళ్లని ఒక్కచోటికి సర్దడం) చేయకూడదు, దానికి కావలసింది విండోస్ తనే చేసుకుంటుంది. విజ్‌ట్రీ, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో రెండూ ఉంచుకున్నా. నెల మొదటి తారీఖున పాలవాడికీ పేపరుకీ లెక్క చూసేటప్పుడే ఇదీ ఒకసారి తెరిచి చూస్తా, నీలంగా ఉంటే ఫొటోలు ఎక్స్‌టర్నల్ డిస్కుకి కాపీ చేసి మూసేస్తా.

పాత డిస్కు మీద స్కెచ్ పెన్‌తో తేదీ రాసి బీరువాలో పెట్టా. ఆ తొమ్మిది ఫొటోల్లో ఆరు మా పిన్ని ఫోన్‌లో దొరికాయి, వాట్సాప్‌లో పంపినవి కాబట్టి చిన్నగా మసకగా ఉన్నాయి, అయినా ఉన్నాయి. ఇంకా మూడు దొరకాలి, అందులో ఒకటి మా నాన్న ఒళ్లో చిన్నది కూర్చున్నది. ఆ రోజు వచ్చిన చుట్టాలందరికీ ఒక్కొక్కరికే ఫోన్ చేసి అడుగుతున్నా, నిన్న పరకాలలో మేనత్త వాళ్లకి చేశా, పాత ఫోన్ ఎక్కడో అటక మీద ఉంది వెతికిస్తానంది.